ట్రాక్టరు గుండెతో జీపు బండి

ఒకప్పుడు పెట్రోలు తాగిన జీపు. ఇప్పుడు డీజిలు మీద బతుకుతోంది. వెనక ఓ ట్రాలీ తగిలిస్తే చాలు... పత్తి, వడ్లు, చేపలు, చెడిపోయిన బండి, దేన్నయినా లాగేస్తుంది. లాగడం సరే, మరి ఆగడమో?

ధరూర్ రోడ్డు పక్కన బస్సు కోసం నిల్చున్నవాళ్లు తల తిప్పకుండానే చెప్పేస్తారు... వెనక వచ్చేది ట్రాక్టరా, లారీనా, బొలెరోనా అని. చప్పుడే గుర్తు. ఒక్క బండి దగ్గర మాత్రం చెవి మోసపోతుంది. డగ్ డగ్ డగ్ డగ్... అచ్చం ట్రాక్టరే. తీరా మలుపు తిరిగి కనిపించేది జీపు! రంగు వెలిసిన బానెట్, తలుపుల చోట పట్టా గుడ్డ, ముందు అద్దానికి అడ్డంగా ఓ పగులు. వెనక రెండు చక్రాల ట్రాలీ, దాని నిండా పత్తి బస్తాలు.

అసలు సంగతేమిటంటే, చెవి పెద్దగా మోసపోలేదు. ఇలాంటి పాత జీపుల్లో కొన్నింటిలో కొట్టుకునేది నిజంగానే ట్రాక్టరు గుండె.

కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న నేల కాబట్టి ఈ ప్రాంతాన్ని నడిగడ్డ అంటారు. అటు రాయచూరు, ఇటు గద్వాల. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో ఉన్న ధరూర్ మండలం 2016 అక్టోబరు నుంచీ జోగులాంబ గద్వాల జిల్లా కిందికి వచ్చింది. బయటివాళ్లకి గద్వాల అంటే చీర, కోట గుర్తొస్తాయి. ధరూర్ అంటే మాత్రం జూరాల. మండలంలోని రేవులపల్లి దగ్గరే కృష్ణమ్మకి అడ్డంగా ప్రియదర్శిని జూరాల ప్రాజెక్టు ఉంది. ఆ నీటినే గుడ్డెందొడ్డి దగ్గర పంపులతో ఎత్తి నెట్టెంపాడు పథకం కింద రెండు లక్షల ఎకరాలు తడపాలన్నది సర్కారు లెక్క.

ఇంత నీరు పక్కనే ఉన్నా, అది ఊరికే పొలంలోకి నడిచి రాదు కదా. కరెంటు మోటార్లు అందరికీ అందక ముందు ఏటి ఒడ్డు రైతులకు దిక్కు ఆయిల్ ఇంజను. రెండు చక్రాల బండి మీద దాన్ని బిగించి, ఎడ్లతో ఒడ్డుదాకా లాగించుకెళ్లి, నీళ్లు తోడి, మళ్లీ ఇంటికి లాక్కొచ్చేవాళ్లు. అంటే ఇక్కడి జనానికి డీజిల్ ఇంజను మొదట పరిచయమైంది లాగే వస్తువుగా కాదు, లాగించుకునే వస్తువుగా! దాని నాజిల్, దాని పంపు, దాని ‘ఎయిర్ పట్టడం’ అన్నీ రైతుకి తెలుసు. తర్వాత ఆ ఇంజన్‌నే జీపు ముక్కులో కూర్చోబెడితే ఎవరూ ఆశ్చర్యపోకపోవడానికి కారణం అదే.

సమితి జీపు వేలంపాటకి...

కథ మొదలుపెట్టాలంటే పంచాయతీ సమితుల కాలానికి వెళ్లాలి. ఊళ్లోకి జీపు వచ్చిందంటే బి.డి.ఓ. గారు వచ్చారని అర్థం. పిల్లలు దుమ్ములో దాని వెనకే పరుగెత్తేవాళ్లు. మహీంద్రా కంపెనీ అమెరికా విల్లీస్ జీపుల్ని 1940ల చివర్లో బొంబాయిలో బిగించడం మొదలుపెట్టింది. తర్వాత ఇక్కడే తయారు చేసింది. ఎత్తయిన బానెట్ ఉన్న సీజే-3బీ మనవాళ్లకు బాగా తెలిసిన రూపం. 1965 నుంచీ చిన్న సరుకు బళ్లు కూడా చేసింది. బానెట్ లేకుండా డ్రైవరు సరిగ్గా ముందు చక్రాల మీదే కూర్చున్నట్టుండే ఎఫ్‌సీ-150 పికప్ ఆ కోవలోదే. వీటన్నిటికీ అప్పట్లో ఒకటే తిండి... పెట్రోలు. 2.2 లీటర్ల ఇంజను. లీటరు పోస్తే పది కిలోమీటర్లు కూడా గట్టిగా రాదు.

సర్కారు పెట్రోలు పోసినన్నాళ్లూ ఎవరికీ బాధ లేదు. 1973లో అరబ్ దేశాలు చమురు బిగించేశాయి. ధర ఒక్కసారిగా చుక్కలు చూసింది. మన దేశంలో బస్సు, లారీ, వ్యవసాయం వీటి మీద నడుస్తాయి కాబట్టి డీజిలు ధరని ప్రభుత్వం కిందే పట్టి ఉంచింది. 1980ల చివరికి వచ్చేసరికి లీటరు డీజిలు ధర పెట్రోలులో సగం కూడా లేదు. ఆ తేడాయే ఈ మొత్తం కథకి పెట్టుబడి.

ఇదంతా ముందే పసిగట్టిందో ఏమో, మహీంద్రా 1970ల నడుమ ఓ పని చేసింది. సంస్థకి ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో కలిసి పెట్టిన ట్రాక్టర్ల కంపెనీ ఒకటి ఉండేది. అక్కడ తయారయ్యే బి-275 ట్రాక్టరు ఇంజనునే తెచ్చి జీపులో పెట్టింది. సుమారు 2,350 సీసీ, నాలుగు సిలిండర్లు. దుక్కి దున్నే ఇంజను రోడ్డెక్కింది. 1980ల్లో ఫ్రాన్సు కంపెనీ ప్యూజో డిజైను చేసిన ఎక్స్‌డీపీ ఇంజను వచ్చేదాకా డీజిల్ జీపు అంటే ట్రాక్టరు చప్పుడే.

కంపెనీ చేసిన పనిని షెడ్లలో మిస్త్రీలు చూస్తూ ఊరుకుంటారా? సర్కారు ఆఫీసులు పాత పెట్రోలు జీపుల్ని వేలంపాటలో అమ్మేస్తుంటే కొనుక్కొచ్చిన ఆసామి నేరుగా షెడ్డుకి తోలేవాడు. పాత ఇంజను బయటికి, డీజిల్ ఇంజను లోపలికి. పట్నాల్లో ఇదే వైద్యం అంబాసిడర్ కార్లకీ జరిగింది. చాలా కార్లలోకి మెటడార్ వ్యాను ఇంజన్లు ఎక్కాయి.

మనవాళ్లే ఇలా చేస్తారనుకుంటే పొరపాటు. అమెరికాలో కమిన్స్ కంపెనీ, ట్రాక్టర్లు తయారుచేసే కేస్ కంపెనీ కలిసి 1980ల్లో ఓ ఆరు సిలిండర్ల ఇంజను తీసుకొచ్చాయి. పొలం యంత్రాల కోసం పుట్టిన ఆ 5.9 లీటర్ల ఇంజనుని 1989లో డాడ్జ్ పికప్ ట్రక్కులో పెట్టారు. ఇక అక్కడి గుర్రాల ట్రైలర్లు, పడవల ట్రైలర్లు లాగేవాళ్లంతా దాని వెంట పడ్డారు. పాత ఫోర్డు బళ్లు తెచ్చి, పెట్రోలు ఇంజను పీకి, ఇది కూర్చోబెట్టుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. టెక్సస్‌లో ఉన్న మన పిల్లలు వారాంతం రోడ్డు మీద చూసేది అదే. ఇంజను పెద్దది, రోడ్డు పెద్దది, ఆలోచన మాత్రం సేమ్ టు సేమ్!

గుండె మార్పిడి ఎలాగంటే...

ఓ మూడు కాళ్ల ఇనుప స్టాండు, లేదా గట్టి వేపకొమ్మ. దానికి చైన్ పుల్లీ. పాత ఇంజను పైకి లేస్తుంది. ఇంతవరకూ తేలికే. కొత్తది దించేటప్పుడే తంటా. డీజిల్ ఇంజనులో గాలిని పెట్రోలు కంటే రెండు మూడు రెట్లు ఎక్కువగా నొక్కుతారు. పాత జీపు పెట్రోలు ఇంజను గాలిని ఏడో వంతుకి నొక్కితే, డీజిలు ఇరవయ్యో వంతు దాకా నొక్కుతుంది. ఆ వేడికే డీజిలు అంటుకుంటుంది. ప్లగ్గు నిప్పురవ్వతో పనిలేదు. అంత ఒత్తిడి తట్టుకోవాలంటే పోత ఇనుము మందంగా ఉండాలి. అందుకే అది బరువెక్కువ. బరువు ముందుకి పడేసరికి జీపు ముక్కు వాలిపోతుంది. కమాన్ పట్టీలు ఒకటో రెండో అదనంగా వేస్తారు. పాత ఇంజను కూర్చున్న దిమ్మలు కోసి కొత్తవి వెల్డింగ్ చేస్తారు.

అన్నిటికంటే కీలకం హౌసింగ్. ఇంజనుకీ గేరు బాక్సుకీ నడుమ బిగించే ప్లేటు. రెండూ ఒకే ఇంట పుట్టినవి కావు కదా, బోల్టు రంధ్రాలు కలవవు. లేతు మీద ప్లేటు తయారు చేయించి కలపాలి. ఆ కలపడంలో వెంట్రుకవాసి తేడా వస్తే, బండి ఆరోజు నడుస్తుంది, ఆ నెలా నడుస్తుంది... ఆ తర్వాత క్లచ్ అదరడం మొదలవుతుంది, గేరు బాక్సు బేరింగులు ఏడుస్తాయి. ‘ఇంజను ఎక్కడిది?’ అని అడిగేవాడు కొత్త కస్టమరు. ‘హౌసింగ్ ఎవరు చేశారు?’ అని అడిగేవాడు దెబ్బతిన్న కస్టమరు!

ఇక చిన్నాచితకా పనులు. నాజిళ్ల దగ్గర మిగిలిన డీజిలు తిరిగి ట్యాంకులోకి వెళ్లడానికి మరో పైపు. స్టార్టరు తిప్పడానికి పెద్ద బ్యాటరీ. చలికాలం పొద్దున్నే అంటుకోవడానికి హీటర్ ప్లగ్గులు. తాళం చెవి తిప్పితే చాలా పాత డీజిళ్లు ఆగవు. ఇంజనుకి డీజిలు ఆపాలి, కాబట్టి డ్యాష్‌బోర్డు కింద లాగడానికో స్టాపర్ వైరు. ఇంకో చిత్రం... పాత జీపు ముందు అద్దం తుడిచే వైపరు ఇంజను గాలి పీల్చే ఊపుతో ఆడేది. డీజిలులో ఆ పీల్పు ఉండదు. దాంతో వైపరు చచ్చి ఊరుకుంటుంది. వానలో అద్దం చేత్తో తుడుచుకుంటూ వెళ్లే డ్రైవరుని చూసి నవ్వుకునేవాళ్లకి తెలియదు, అది ఇంజను మార్చిన గుర్తని.

హుక్కుకి తగిలిస్తే...

పెట్రోలు ఇంజనుది గుర్రం స్వభావం. పరుగెత్తిస్తేనే బలం. డీజిలుది ఎద్దు స్వభావం. మెల్లగా తిరుగుతున్నప్పుడే భుజం పెడుతుంది. నిలబడిపోయిన బరువుని కదిలించాలంటే కావలసింది ఆ భుజమే. జీపుకి ఇంకో వరం ఉంది. నాలుగు చక్రాలూ తిప్పే గేరు, దాని పక్కనే ‘లో’ గేరు. అది వేస్తే బలం దాదాపు రెండున్నర రెట్లవుతుంది, వేగం అంతకు అంత తగ్గుతుంది. నడిచే మనిషి వేగంతో, నల్లరేగడిలో దిగబడిన ట్రాలీని పాత జీపు బయటికి ఈడ్చే దృశ్యం చూసి తీరాలి. పొగ నల్లగా పైకి లేస్తుంది, ముందు చక్రాలు మట్టిని గీరుతాయి, గొలుసు తంత్రిలా బిగుసుకుంటుంది. చుట్టూ ఉన్నవాళ్లు ‘అయ్యింది అయ్యింది’ అంటూ వెనక్కి జరుగుతారు. జరగాలి కూడా. ఆ సమయంలో గొలుసు తెగితే కొరడాలా తిరిగి వస్తుంది.

వాగులు దాటడంలోనూ డీజిలుదే పైచేయి. నీళ్లు చిమ్మి ప్లగ్గు వైర్లు తడిస్తే పెట్రోలు జీపు నడి వాగులో నిలబడిపోతుంది. డీజిలుకి నిప్పురవ్వే అక్కర్లేదు కనుక, గాలి పీల్చే గొట్టంలోకి నీళ్లు పోనంత వరకూ డగ్ డగ్ మంటూనే ఉంటుంది. అన్నట్టు, రెండో ప్రపంచ యుద్ధంలో జీపుల వెనక లాగిన పావు టన్ను ట్రాలీలు నీళ్లు చొరకుండా చేసినవి. ఏరు అడ్డొస్తే అవి పడవల్లా తేలేవి! జూరాల కింద పుట్టి వేసుకుని చేపలు పట్టే జాలరులకి ఈ సంగతి చెబితే పెద్దగా ఆశ్చర్యపోకపోవచ్చు. తేలే గంపలు వాళ్లకి కొత్త కాదు.

నడిగడ్డలో లాగడానికి సరుకుకి కొదవ లేదు. ఇది విత్తన పత్తికి పేరుమోసిన నేల. పువ్వు పువ్వుకీ చేత్తో పుప్పొడి అంటించాలి. సూర్యుడు పైకి రాకముందే కూలీలు చేలో ఉండాలి. కాయ పగిలాక పత్తి, కాలువ నీళ్లొచ్చిన చోట వడ్లు, మెట్ట చేలల్లో వేరుశనగ. దీనికి తోడు పెళ్లి సామాన్లు, టెంటు కర్రలు, ఇటుకలు. ఆగిపోయిన ఆటో, మొరాయించిన మరో జీపు ఎటూ ఉండనే ఉంటాయి.

ఆ చివరి పనికి చట్టంలో కూడా లెక్కలున్నాయి. 1989 నాటి రోడ్డు నిబంధనల ప్రకారం చెడిపోయిన బండిని లాగేటప్పుడు రెండు బళ్ల మధ్య దూరం ఐదు మీటర్లు దాటకూడదు. వేగం గంటకి 24 కిలోమీటర్లు మించకూడదు. వెనక బండిలో లైసెన్సున్న మనిషి స్టీరింగు పట్టుకుని కూర్చోవాలి. తాడు అందరికీ కనబడాలి. 2017లో వీటి స్థానంలో కొత్త నిబంధనలొచ్చాయి. పల్లెటూరి డ్రైవరు ఏ పుస్తకమూ చదవకపోయినా తాడుకో ఎర్రగుడ్డ కట్టడం మాత్రం నేర్చాడు. మోటారు సైకిల్ మీద వచ్చేవాడు రెండు బళ్ల నడుమ ఖాళీ ఉందనుకుని దూరిపోతాడన్న భయం అది నేర్పింది.

ఎక్కిన గేరులోనే దిగాలి

ఇంజను మార్చిన ఆసామి మొదటిరోజే గుర్తించేది లాగే బలం. నిన్న పది బస్తాలకి మూలిగిన బండి ఇవాళ ఇరవై బస్తాలకి కిక్కురుమనదు. దాంతో ఇరవై ఐదు వేద్దామనిపిస్తుంది. అక్కడే ఉంది ప్రమాదం. మారింది ఇంజను ఒక్కటే. బ్రేకులు పాతవే. టన్నుకి కాస్త అటూ ఇటూ బరువుండే జీపుని ఆపడానికి లెక్కగట్టి పెట్టిన డ్రమ్ము బ్రేకులవి. చాలా ట్రాలీలకి వాటి సొంత బ్రేకులుండవు. టన్ను బరువున్న జీపు, వెనక ఇంకో టన్నున్నర తోసుకొస్తుంటే, ఆ నాలుగు డ్రమ్ములే రెండింటినీ ఆపాలి.

పైగా డీజిలుతో వచ్చే ఇంకో చిక్కు చాలామందికి తెలియదు. పెట్రోలు బండిలో కాలు తీసేస్తే గాలి దారి మూసుకుపోతుంది. ఇంజను ఊపిరాడక పెనుగులాడుతుంది, ఆ పెనుగులాటే బండిని వెనక్కి పట్టుకుంటుంది. చాలా డీజిల్ ఇంజన్లలో గాలికి మూత ఉండదు. కాలు తీసినా అంత గట్టిగా పట్టి ఆపదు. లారీ డ్రైవర్ల పాత మాట ఒకటుంది, ఏ గేరులో గట్టు ఎక్కావో ఆ గేరులోనే దిగు అని. న్యూట్రల్‌లో పడేసి డీజిలు మిగుల్చుకుందామనుకునేవాడికి ఆ పల్లంలో మిగిలేది స్టీరింగు ఒక్కటే.

వేగం రెండింతలైతే ఆపడానికి కావలసిన దూరం రెండింతలు కాదు, దాదాపు నాలుగింతలు. ట్రాలీలో బరువు ఎక్కడ పెట్టామన్నదీ ముఖ్యమే. మొత్తం బరువులో పదో వంతు హుక్కు మీద పడేలా సర్దితే బండి బుద్ధిగా వస్తుంది. బరువంతా వెనక్కి పోతే ట్రాలీ జీపు తోకని పైకెత్తి అటూ ఇటూ ఊపుతుంది. ముందుకి పోతే జీపు వెనక కుంగి, ముందు చక్రాలు తేలిపోయి, స్టీరింగు మాట వినదు. కాలువ గట్టు మీద, ఓ పక్క నీళ్లు, ఓ పక్క పొలం, ఎదురుగా ఇంకో బండి వస్తున్నప్పుడు ఈ లెక్క తప్పితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

బస్తాలైతే పోతే పోయాయి అనుకోవచ్చు. కానీ పొద్దున్నే ట్రాలీలో ఎక్కేది మనుషులు. 2018 జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర కూలీలతో వెళుతున్న ట్రాక్టరు ట్రాలీ మూసీ కాలువలో బోల్తా పడింది. 15 మంది చనిపోయారు. దాదాపు అందరూ పొలం పనికి బయల్దేరిన ఆడవాళ్లే. ఆ బండి ట్రాక్టరే కావచ్చు, జీపు కాకపోవచ్చు. ట్రాలీ మాత్రం ఇలాంటిదే, కాలువ గట్టు ఇలాంటిదే. సరుకు కోసం చేసిన డబ్బాలో మనుషుల్ని ఎక్కించకూడదని చట్టం చెబుతుంది. చేలకు వెళ్లడానికి తెల్లవారుజామున వేరే బండి లేదని కూలీలు చెబుతారు. రెండూ నిజమే.

కాగితాల గొడవ కూడా చిన్నది కాదు. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషను పుస్తకంలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చడానికి వీల్లేదు. ఇంజను మార్చాలంటే రవాణా అధికారుల అనుమతి ఉండాలి, పుస్తకంలో ఎక్కాలి. పుస్తకంలో పెట్రోలు, బానెట్ కింద డీజిలు అన్నట్టుంటే ఏదైనా జరిగిన రోజు బీమా కంపెనీ మొదట చూసేది ఆ గడినే. ఏళ్ల తరబడి ఈఎంఐ లేదని మురిసిన ఇల్లు ఆ ఒక్క గడి దగ్గర కూలబడుతుంది. పదిహేనేళ్లు దాటిన సొంత బండికి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి. ఆ పరీక్షకి వెళ్లే ధైర్యం లేని జీపులు పొలం గట్లకీ ఊరి దారులకీ పరిమితమైపోతాయి.

అసలు మార్చుకోవాలన్న ఆశే ఇప్పుడు సన్నగిల్లింది. పెట్రోలు ధరని 2010 జూన్‌లో, డీజిలు ధరని 2014 అక్టోబరులో ప్రభుత్వం మార్కెట్టుకి వదిలేశాక రెండింటి మధ్య తేడా కరిగిపోయింది. ఒకప్పుడు సగం ధరకి దొరికిన డీజిలు ఇప్పుడు పెట్రోలు కంటే పది పన్నెండు రూపాయలు తక్కువ, అంతే. ఆ తేడా కోసం ఎవరూ ఇంజను పీకించుకోరు. 2005లో టాటా ఏస్ వచ్చింది. బొలెరో పికప్‌లు వచ్చాయి. సరుకు వాటి మీదికి మారింది. ఏపీ 22 నంబరు పలకల నుంచి టీఎస్ 33 దాకా, 2024 నుంచి టీజీ దాకా పలకలు మారుతూ వచ్చాయి. పాత జీపు మాత్రం ఏపీ అక్షరాలతోనే, కొన్ని చోట్ల అవి కూడా చెరిగిపోయి, తిరుగుతోంది.

అయినా పూర్తిగా పోలేదు. కొత్త పికప్ దిగబడితే దాన్ని లాగడానికి కావలసింది ఫోర్ వీల్ గేరే. కంప్యూటరు పెట్టి చూడాల్సిన ఇంజను కాదిది. పానా, స్క్రూడ్రైవరు చాలు. ఎయిర్ పడితే చేత్తో పంపు కొట్టి, పైపు నట్టు వదులు చేసి, బుడగలు పోయి డీజిలు చిమ్మాక బిగిస్తే మళ్లీ అంటుకుంటుంది. ఆయిల్ ఇంజను నడిపిన తాతకీ తెలిసిన విద్యే అది.

ధరూర్ వైపు వెళితే సాయంత్రం రేవులపల్లి దాకా వెళ్లండి. డ్యాం దగ్గర హోటళ్లలో చేపల పులుసు ఉడుకుతుంటుంది. రోడ్డు వారగా బళ్లు ఆగి ఉంటాయి. ట్రాలీ తగిలించిన పాత జీపు వాలు మీద ఆగితే ఓసారి గమనించండి. డ్రైవరు స్టాపర్ వైరు లాగక ముందే పక్క సీట్లోని కుర్రాడు కిందికి దూకుతాడు. చేతిలో రాయి. ముందు ట్రాలీ చక్రం కింద ఒకటి, తర్వాత జీపు చక్రం కింద ఇంకొకటి. అప్పుడు గానీ ఇంజను ఆగదు. ఆ రెండు రాళ్లూ ఎక్కడపడితే అక్కడ ఏరుకున్నవి కావు. ఎప్పుడూ సీటు కిందే ఉంటాయి, అరిగి అరిగి నున్నగా.